చీకట్లో అరగంట కూర్చుంటే అన్నీ కనపడతాయి, టార్చ్ పడగానే మళ్లీ ఏమీ కనపడదు. కంట్లో అసలేం జరుగుతుంది?

పలమనేరు మంచె:
అన్నలూ అక్కలూ, చాలా రోజులుగా ఉన్న డౌటు ఇది. మాది పలమనేరు దగ్గర అడవి అంచున ఉండే ఊరు. కౌండిన్య అడవిలోంచి ఏనుగులు చెరుకు మీదికీ వరి మీదికీ దిగుతుంటాయి కాబట్టి పంట చేతికొచ్చే కాలంలో నేనూ మా నాయనా రాత్రిపూట మంచె మీద కాపలా ఉంటాం. ఇంట్లో ట్యూబులైటు కింద అన్నం తిని బయటికొస్తే గెనిమ ఎక్కడుందో కూడా తెలియదు. పది నిమిషాలకు కొంచెం తెలుస్తుంది, ఇంకో ఇరవై నిమిషాలు పోతే అమావాస్య రోజున కూడా చుక్కల వెలుతురులోనే మోటారు షెడ్డు, దూరంగా చింతచెట్టు, చెరుకు గాలికి కదలడం, అన్నీ తెలుస్తాయి. అదే పక్క చేనోళ్లు ఎవరైనా టార్చ్ తెచ్చి మొహం మీద వేశారంటే ఇంక అంతే, కాసేపు గుడ్డి చీకటి.

చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది అని స్కూల్లో చెప్పారు. కానీ పాప సెకన్లలో పెద్దదవుతుంది కదా, మరి ఈ అరగంట దేనికి? రోడాప్సిన్ అనే ప్రోటీన్ ఉంటుందని పదో తరగతిలో ఒక మార్కు కోసం రాశాం, అది ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి, ఎర్ర తువ్వాలు చీకట్లో నల్లగా కనపడుతుంది, పచ్చటి ఆకులు మాత్రం తేటగా ఉంటాయి. అది ఎందుకు?

అసలు టెన్షన్ వేరే ఉంది. మా నాయనకు అరవై దాటింది. ఆయనకు గంట సేపు చీకట్లో కూర్చున్నా నాకు కనపడేవి కనపడటం లేదు. పొద్దుగుంకితే చాలు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. క్యారెట్ పెట్టండి, విటమిన్ ఏ మాత్రలు తెప్పించండి అని ఊళ్లో అందరూ చెబుతున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

జువాలజీ టీచర్, తిరుపతి:
డిగ్రీ పిల్లలకు ఈ పాఠమే చెబుతాను, ఇలా కళ్లతో చూసి వచ్చిన ప్రశ్న మాత్రం క్లాసులో అరుదు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పాప విషయం మీరు సరిగ్గానే పట్టుకున్నారు. అది 2 మిల్లీమీటర్ల నుంచి 8 దాకా తెరుచుకున్నా లోపలికొచ్చే వెలుతురు 16 రెట్లే పెరుగుతుంది. పూర్తిగా చీకటికి అలవాటు పడిన కన్ను పట్టపగలు ఉన్నదానికంటే లక్ష రెట్లకు పైగా సున్నితంగా ఉంటుంది. ఆ తేడా అంతా కంటి వెనకాల ఉండే తెరలో, అంటే రెటినాలో రావాలి.

రెటినాలో చూపుకు పనికొచ్చే కణాలు రెండు రకాలు. పగటి చూపుకూ రంగులకూ కోన్‌లు, ఇవి 60 లక్షల దాకా ఉంటాయి. మసక వెలుతురుకు రాడ్‌లు, ఇవి సుమారు 12 కోట్లు. రాడ్ కణం ఒక కొసలో పల్చటి బిళ్లలు వందల కొద్దీ దొంతరగా పేర్చి ఉంటాయి, ఆ బిళ్లల పొరల్లో రోడాప్సిన్ కిక్కిరిసి ఉంటుంది. ఒక్క రాడ్‌లోనే దాదాపు 10 కోట్ల అణువులు.

రోడాప్సిన్‌లో రెండు భాగాలున్నాయి. ఒకటి ఆప్సిన్, 348 అమైనో ఆమ్లాల గొలుసు, కణపొరను ఏడుసార్లు అటూ ఇటూ దాటుతూ చుట్టుకుని ఉంటుంది. దాని మధ్యలో ఇరుక్కుని ఉండే చిన్న అణువు రెండోది, పేరు రెటినాల్, విటమిన్ ఏ నుంచి తయారవుతుంది. చీకట్లో ఈ రెటినాల్ 11వ కార్బన్ దగ్గర వంగి ఉంటుంది. ఒక్క ఫోటాన్, అంటే వెలుతురులో అంతకంటే చిన్నది ఉండని ముక్క, వచ్చి తగిలితే ఆ వంపు పోయి నిటారు అవుతుంది. సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం కూడా పట్టదు. చూపు మొత్తంలో వెలుతురు నేరుగా చేసే పని ఇదొక్కటే, తరవాతదంతా రసాయనమే.

లోపల రెటినాల్ నిటారు కాగానే ఆప్సిన్ ఆకారం మారిపోతుంది. ఆకారం మారిన ఒక్క ఆప్సిన్ పక్కనున్న ట్రాన్స్‌డ్యూసిన్ అనే ప్రోటీన్లను ఒకదాని తరవాత ఒకటి, పదుల సంఖ్యలో లేపుతుంది. అవి వెళ్లి ఒక ఎంజైమును లేపుతాయి, ఆ ఎంజైము సైక్లిక్ జీఎంపీ అనే పదార్థాన్ని వేగంగా విరగ్గొడుతుంది. కణపొరలో సోడియం లోపలికొచ్చే దారులు తెరిచి ఉండాలంటే ఈ సైక్లిక్ జీఎంపీ ఉండాలి. అది తగ్గగానే దారులు మూసుకుంటాయి, కణంలో విద్యుత్తు మారుతుంది, ఆ మార్పే మెదడు దాకా పోయే కబురు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. రాడ్ ఎక్కువ కష్టపడేది చీకట్లో. చీకట్లో దారులన్నీ తెరిచి ఉండి కరెంటు పారుతూ ఉంటుంది, పక్క కణానికి గ్లుటమేట్ అనే కబురు మోసే రసాయనం విడుదలవుతూనే ఉంటుంది. వెలుతురు పడితే అది తగ్గుతుంది. మీరు మంచె మీద ఏమీ కనపడక కూర్చున్నప్పుడు మీ 12 కోట్ల రాడ్‌లూ తీరిక లేకుండా పనిచేస్తున్నట్టే లెక్క.

ఇలా ఒకదాన్నొకటి లేపే ఇంత పెద్ద గొలుసు ఎందుకంటే అతి చిన్న వెలుతురును కూడా వదులుకోకుండా ఉండటానికి. 1942లో అమెరికాలో హెక్ట్, ష్లేర్, పిరెన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు మనుషులను చీకట్లో కూర్చోబెట్టి అతి మసక మెరుపులు చూపించి లెక్క కట్టారు. మెరుపు కనపడింది అనడానికి రెటినాలో 5 నుంచి 14 ఫోటాన్లు పట్టుబడితే సరిపోయింది. అవి వందల రాడ్‌ల మీద చెదిరి పడతాయి కాబట్టి ఒక్క రాడ్‌కు ఒక్క ఫోటాన్ చాలు అని తేలింది. ప్రకృతిలో ఇంతకు మించి సున్నితం కావడానికి ఇంక చోటే లేదు. అంత సున్నితమైనది ఊరికే దానంతట అది పేలితే చీకట్లో లేనిపోని మెరుపులు కనపడాలి కదా? అలా జరగదు. వెలుతురు తగలకుండా ఒక రోడాప్సిన్ తనంతట తాను మారడం వందల ఏళ్లకు ఒకసారి జరిగే పని.

ఇప్పుడు మీ అరగంట. ఎలుక బోను చూశారు కదా, పడటం క్షణంలో పడుతుంది, మళ్లీ ఎక్కుపెట్టాలంటే మాత్రం ఒక మనిషి వచ్చి కూర్చోవాలి. రోడాప్సిన్ అంతే. నిటారు అయిన రెటినాల్ ఆప్సిన్‌లో పట్టదు, ఊడి బయటికొచ్చేస్తుంది. దాన్ని మళ్లీ వంచే శక్తి రాడ్‌కు లేదు. అది రెటినా వెనకాల ఉండే రంగు కణాల పొరకు పోవాలి, అక్కడ ఆర్‌పీఈ65 అనే ఎంజైము సాయంతో మళ్లీ వంపు తిరగాలి, తిరిగి రాడ్‌కు వచ్చి ఖాళీ ఆప్సిన్‌లో కూర్చోవాలి. ఈ పోకరాకలు నెమ్మదిగా జరుగుతాయి. బాగా వెలుతురు చూసి వచ్చినవాళ్లకు పోయిన రోడాప్సిన్‌లో సగం తిరిగి రావడానికే ఐదారు నిమిషాలు పడుతుంది, పూర్తి చూపుకు 30 నుంచి 40 నిమిషాలు. పైగా ఖాళీ ఆప్సిన్ ఊరికే ఉండదు, వెలుతురు పడకపోయినా గొలుసును కొద్దికొద్దిగా కదుపుతూనే ఉంటుంది. అందుకే ఆఖరి కొంచెం ఖాళీలు నిండేదాకా మసక వెలుతురు సరిగ్గా తెలియదు. మీరు మొదటి పది నిమిషాల్లో చూసే మెరుగు కోన్‌లది, వాటి పదార్థం త్వరగా తిరిగొస్తుంది. ఆ తరవాత మొదలయ్యేదే రాడ్‌ల పని.

రంగు సంగతి తేలిక. రాడ్‌లన్నింటిలో ఉన్నది ఒకే రోడాప్సిన్, పోల్చి చూడటానికి రెండో రకం లేదు, కాబట్టి రంగు తెలిసే అవకాశం లేదు. అది ఎక్కువగా పట్టుకునేది 500 నానోమీటర్ల దగ్గర, నీలానికీ ఆకుపచ్చకూ మధ్య. ఎరుపును దాదాపు వదిలేస్తుంది. ఎర్ర తువ్వాలు నల్లబడటం, ఆకులు తేటగా ఉండటం అందుకే. పుర్కిన్యే అనే ఆయన 19వ శతాబ్దం మొదట్లోనే దీన్ని గమనించి రాశాడు.

చుక్కల వేట:
మేడమ్ అంతా చెప్పేశారు, నేను వాడకం చెబుతాను. తిరుపతి లైట్లకు దూరంగా తలకోన వైపు పోయి ఆకాశం చూసే బ్యాచ్ మాది.

పలమనేరు అన్నా, చీకట్లో అనుమానంగా ఏదన్నా కనపడితే దాన్ని సూటిగా చూడొద్దు, కొంచెం పక్కకి చూడండి. కంటి నడిమధ్యలో, మనం గురిపెట్టి చూసే చోట, రాడ్‌లు అసలు ఉండవు, కోన్‌లే. రాడ్‌లు బాగా దట్టంగా ఉండేది మధ్య నుంచి ఓ 20 డిగ్రీలు పక్కన. ఆండ్రోమెడా గెలాక్సీని సూటిగా చూస్తే మాయమవుతుంది, పక్కకి చూస్తే మసక మచ్చగా వస్తుంది, కొత్తవాళ్లు ఎవరికైనా మేం మొదట నేర్పేది ఇదే. చెరుకులో నల్లగా ఏదో కదిలిందనుకుంటే సూటిగా గుడ్లప్పగించి చూస్తే అక్కడేం లేదనిపిస్తుంది, అది ప్రమాదం కదా.

రెండోది, ఎర్ర లైటు. రోడాప్సిన్ ఎరుపును పట్టదని మేడమ్ చెప్పారు కదా, అంటే ముదురు ఎరుపు లైటు సన్నగా వేసుకుంటే కోన్‌లతో పని జరుగుతుంది, రాడ్‌లలో రోడాప్సిన్ నిల్వ కరిగిపోదు. టార్చ్ అద్దానికి ఎర్ర జిలెటిన్ కాగితం రెండు మడతలు కట్టుకోండి. మంచె మీద కూర్చున్నప్పుడు మాత్రమే. దిగి గెనిమ మీద నడిచేటప్పుడు మామూలు తెల్ల టార్చే వేయండి, ఎర్ర వెలుతురులో కట్లపాము గానీ రక్తపింజరి గానీ సరిగ్గా ఆనదు. కళ్లు కాపాడుకోవాలని కాలు పోగొట్టుకోకూడదు.

మూడోది, ఎవరైనా టార్చ్ వేసుకుంటూ వస్తుంటే ఒక కన్ను గట్టిగా మూసుకోండి. ఏ కంటి రోడాప్సిన్ ఆ కంటిదే. వాళ్లు పోయాక మూసిన కన్ను తెరిస్తే దాంతో చీకటి చూపు అలాగే ఉంటుంది. మా బ్యాచ్‌లో అందరూ ఇదే చేస్తారు.

నైట్ డ్యూటీ డ్రైవర్:
ఒక కన్ను మూసుకోవడం బండి నడిపేవాళ్లు చేయొద్దు సార్, దూరం అంచనా తప్పుతుంది. తిరుమల కొండ దిగే దారిలో ఎదురు బండి రాదు కాబట్టి నాకు ఇబ్బంది లేదు, చిత్తూరు రోడ్డెక్కితేనే హై బీమ్ వేసుకుని వచ్చేవాళ్లతో నరకం. చూపు రోడ్డు ఎడమ అంచు గీత మీద పెట్టి, స్పీడు తగ్గించడం తప్ప వేరే దారి లేదు. అరగంట లెక్క చదివాక ఒకటి అడగాలని ఉంది, ఎదురు బండి లైటు పడ్డ ప్రతిసారీ నాకు అరగంట చూపు పోతుందా?

జువాలజీ టీచర్, తిరుపతి:
లేదు. అరగంట అన్నది రోడాప్సిన్ చాలా భాగం కరిగిపోయినప్పటి లెక్క. ఒక్క క్షణం పడే హెడ్‌లైటు కరిగించేది కొంచెమే, అది త్వరగా పూడుతుంది. పైగా మీ బండి లైటు ముందు రోడ్డు మీద ఎప్పుడూ ఉంటుంది కాబట్టి మీరు కోన్‌లూ రాడ్‌లూ రెండూ కలిపి వాడుతున్నారు, పూర్తి చీకటి చూపుకు మీరు ఎలాగూ చేరరు. వయసుతో పాటు ఈ పూడటం మందగిస్తుంది, పాప కూడా మునుపంత పెద్దదవదు. యాభై దాటినవాళ్లు రాత్రి లాంగ్ డ్రైవ్ తగ్గించమనేది అందుకే.

మామిడితోట, తవణంపల్లె:
క్యారెట్ దేనికి, మునగాకు తినిపించండి. మా అవ్వకు ఇట్లనే సందెవేళ కనపడకపోతే మునగాకు పొరుటు, మేక కార్జం పెట్టేవాళ్లు, బాగైంది. విటమిన్ ఏ మాత్రలు కూడా మెడికల్ షాపులో దొరుకుతాయి, రెండు నెలలు వేసుకుంటే పోతుంది. డాక్టరు దగ్గరికి పోతే టెస్టులని డబ్బులు తప్ప ఏమీ లేదు.

కంటి పరీక్షలు, చిత్తూరు:
మునగాకుకు నేను అడ్డు చెప్పను, అందులో బీటాకెరోటిన్ బాగా ఉంటుంది, కార్జంలో అయితే విటమిన్ ఏ నేరుగానే ఉంటుంది. ఆకుకూరలు కాస్త నూనె వేసి వండితేనే అది ఒంటికి పడుతుంది, ఇది కూడా గుర్తుపెట్టుకోండి. మీ అవ్వగారి రోజుల్లో విటమిన్ ఏ లోపం ఊరూరా ఉండేది, పిల్లలకు కంటి తెల్లగుడ్డు మీద నురగ మచ్చలు వచ్చేవి, కొందరికి చూపే పోయేది. అందుకే 1970 నుంచి దేశమంతా పిల్లలకు తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, తరవాత ఐదేళ్లు వచ్చేదాకా ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల చొప్పున విటమిన్ ఏ మందు పోసే పథకం నడుస్తోంది.

కానీ మాత్రల మాట దగ్గర నేను ఒప్పుకోను. బాగా తినే పెద్దవాళ్ల కాలేయంలో నెలల తరబడి సరిపోయే విటమిన్ ఏ నిల్వ ఉంటుంది. అరవై ఏళ్ల మనిషికి అది ఖాళీ అయిందంటే కాలేయ జబ్బో, పేగుల్లో కొవ్వు ఒంటబట్టని జబ్బో, తాగుడో వెనక ఉండాలి. అప్పుడు కూడా కారణం వెతకాలి. లోపం లేనివాళ్లు పెద్ద డోసు మింగుతూ పోతే అది నీళ్లలో కరిగి బయటికి పోయే విటమిన్ కాదు, కాలేయంలోనే పేరుకుని దాన్నే పాడుచేస్తుంది. కడుపుతో ఉన్నవాళ్లయితే బిడ్డకు ప్రమాదం. టెస్టులకు డబ్బులు దండగ అనుకుని మాత్రలతో ఏడాది గడిపేసి వచ్చినవాళ్లను నేను చూశాను, ఆ ఏడాదిలో గ్లకోమా, అంటే కంటి నరాన్ని మెల్లగా దెబ్బతీసే జబ్బు, ఎంత నష్టం చేస్తుందో చూస్తే ఆ మాట మీరు అనరు.

పలమనేరు బాబూ, ఈ వయసులో మసక వెలుతురులో కనపడకపోవడానికి ఎక్కువగా ఉండే కారణం శుక్లం. అదైతే చిన్న ఆపరేషన్‌తో పోతుంది. గ్లకోమా, షుగరు వల్ల రెటినా దెబ్బతినడం కూడా చూడాలి. కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పండి. నాన్నగారికి పగలు సూటిగా చూపు ఎలా ఉంది? నడుస్తుంటే పక్కలనున్నవి తగులుకుంటున్నాడా? షుగరు ఉందా? ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?

పలమనేరు మంచె:
అందరికీ నమస్కారాలు. రాత్రి నాయనకు అంతా చదివి వినిపించాను.

చిత్తూరు మేడమ్ అడిగినవి చెబుతాను. పగలు పేపరు బాగానే చదువుతాడు, దూరంగా వచ్చే బస్సు బోర్డు కూడా చదువుతాడు. కానీ గుమ్మం పక్క చెక్కకు భుజం కొట్టుకుంటాడు, దూడను కట్టిన తాడు తగిలి రెండు మూడుసార్లు పడ్డాడు, మేం చూసుకోకుండా నడుస్తున్నాడనుకున్నాం. షుగరు లేదు. మా చిన్నత్తకు, అంటే నాయన చెల్లెలికి, ఇట్లనే ఉంది, ఆమెకు చిన్నప్పటి నుంచి రాత్రిపూట సరిగ్గా కనపడదని ఇప్పుడు చెబుతున్నారు. మా అబ్బా జేజీ, అంటే నాయన అమ్మానాన్నలు, మేనమామ, మేనకోడలు వరస. నాయన బీడీలు తాగుతాడు, మానమంటే వినడు.

జువాలజీ మేడమ్, ఇంకొకటి. టార్చ్ వేస్తే మా ఆవుల కళ్లు మెరుస్తాయి, మనవి మెరవవు. వాటికి రోడాప్సిన్ ఎక్కువుంటుందా?

జువాలజీ టీచర్, తిరుపతి:
మెరిసేది రోడాప్సిన్ కాదు. ఆవుకు రెటినా వెనకాల వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది, మనకు లేదు. మొదటిసారి రాడ్‌ల చేతికి చిక్కని ఫోటాన్ ఆ పొరకు తగిలి తిరిగొస్తుంది, అప్పుడు పట్టుకునే అవకాశం రెండోసారి దొరుకుతుంది. రోడాప్సిన్ మాత్రం మనదీ దానిదీ దాదాపు ఒకటే, ఆవుదీ 348 అమైనో ఆమ్లాలే. శాస్త్రవేత్తలు స్ఫటికాలు పెంచి ఈ ప్రోటీన్ అసలు ఆకారాన్ని మొదటిసారి చూసింది ఆవు కంటి నుంచి తీసిన రోడాప్సిన్‌తోనే, 2000లో. ట్రాన్స్‌డ్యూసిన్ లాంటివాటిని లేపే ఆ జాతి ప్రోటీన్లన్నింటిలోనూ వివరంగా కనపడ్డ మొదటి ఆకారం అది. మన ఒంట్లో ఎన్నో మందులు పనిచేసేది ఇదే కుటుంబం ప్రోటీన్ల మీద, కాబట్టి దాని విలువ కంటి వైద్యానికే పరిమితం కాలేదు.

కరిగిపోవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1876లో ఫ్రాంజ్ బోల్ అనే ఆయన కప్ప రెటినా చీకట్లో ఎర్రగా ఉండి వెలుతురులో తెల్లబడటం చూశాడు. వెంటనే విల్‌హెల్మ్ క్యూనె దాన్ని అందుకుని, ఒక కుందేలును కిటికీ వైపు చూసేలా పెట్టి, తరవాత దాని రెటినాను పటిక ద్రావణంలో ఉంచితే కిటికీ చువ్వల గీతలతో సహా బొమ్మ దాని మీద కనపడింది. వెలుతురు పడిన చోట రోడాప్సిన్ పోయింది, చువ్వల నీడ పడిన చోట మిగిలింది. ఆ పదార్థానికీ విటమిన్ ఏకీ సంబంధం కట్టింది జార్జ్ వాల్డ్, 1930లలో. 1967లో నోబెల్ వచ్చింది. క్లాసులో కుందేలు సంగతి చెప్పిన రోజు పిల్లలు ఒక్కరు కూడా ఫోన్ తీయరు.

కంటి పరీక్షలు, చిత్తూరు:
బాబూ, మీరు చెప్పినవి చదివాక ఆలస్యం చేయొద్దని చెబుతున్నాను. కంట్లోకి చూడకుండా నేను ఏదీ తేల్చలేను, శుక్లం కూడా కలిసి ఉండొచ్చు. కానీ సూటి చూపు బాగుండి, పక్క చూపు తగ్గి, రాత్రి కనపడకపోవడం, తోబుట్టువుకు కూడా అలాగే ఉండటం, పెద్దల్లో మేనరికం, ఇవన్నీ కలిస్తే రెటినైటిస్ పిగ్మెంటోసా ఉందేమో ముందు చూడాలి. అందులో రాడ్‌లు మెల్లమెల్లగా చనిపోతాయి. ముందు రాత్రి చూపు పోతుంది, తరవాత పక్క చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటుంది, మధ్యలో కోన్‌లు చాలా ఏళ్లు నిలుస్తాయి, అందుకే పేపరు చదవగలుగుతాడు.

ఈ జబ్బుకు కారణమయ్యే జన్యువులు పదుల కొద్దీ ఉన్నాయి, అందులో రోడాప్సిన్ జన్యువు కూడా ఒకటి. 1990లో మొదట దొరికింది అదే, గొలుసులో 23వ స్థానంలో ప్రోలీన్ బదులు హిస్టిడిన్ వచ్చిన మార్పు. 348లో ఒక్కటి మారితే ప్రోటీన్ సరిగ్గా మడత పడక కణం దెబ్బతింటుంది. మీ ఇంట్లో ఏ జన్యువో పరీక్ష చేస్తే గానీ తెలియదు. పైన మేడమ్ చెప్పిన ఆర్‌పీఈ65 లోపం ఉన్నవాళ్లకు జన్యు చికిత్సకు 2017 చివర్లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఖర్చు చాలా ఎక్కువ, మిగతా జన్యువుల వాళ్లకు అది పనికిరాదు. ఇది చెప్పేది ఆశ పెట్టడానికి కాదు, జన్యు పరీక్ష ఎందుకు అడుగుతారో మీకు తెలియాలని.

చేయాల్సినవి ఇవి. రెటినా డాక్టరు ఉన్న ఆసుపత్రికి నాన్నగారినీ చిన్నత్తనూ ఒకేరోజు తీసుకుపోండి, ఇద్దర్నీ కలిపి చూస్తే డాక్టరుకు పని తేలికవుతుంది. పాపను పెద్దది చేసే చుక్కల మందు వేసి లోపల చూస్తారు, ఆ రోజు బండి ఆయన నడపకూడదు. పక్క చూపు పరీక్ష అడగండి. అవసరమైతే ఈఆర్‌జీ చేస్తారు, వెలుతురుకు రాడ్‌లు ఎంత స్పందిస్తున్నాయో కొలిచే పరీక్ష, అది పెద్ద సెంటర్లలోనే ఉంటుంది. మీకూ మీ తోబుట్టువులకూ కూడా ఒకసారి చూపించుకోండి. బీడీల గురించి మీరు చెప్పడం మంచిదైంది. పొగ తాగేవాళ్లు బీటాకెరోటిన్ మాత్రలు అసలు తీసుకోకూడదు, ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకు ఏళ్లపాటు ఇచ్చి చూసిన పెద్ద పరీక్షలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో తేలింది. మునగాకు తినొచ్చు, మాత్రలు వద్దు.

పరీక్ష అయ్యేదాకా ఆయన్ని రాత్రి మంచె ఎక్కనీయకండి. ఏనుగు వచ్చినప్పుడు పక్క చూపు లేని మనిషి దిగి పరిగెత్తలేడు.

పలమనేరు మంచె:
సోమవారం ఇద్దర్నీ తీసుకుపోతున్నాను. మంచె మాట ఎత్తితే కోపం వచ్చింది ఆయనకు, చెల్లెలు కూడా వస్తుందంటే ఒప్పుకున్నాడు. ఒకవేళ అదే జబ్బని తేలితే సర్టిఫికెట్ ఏమన్నా ఇస్తారా?

కంటి పరీక్షలు, చిత్తూరు:
పక్క చూపు 40 డిగ్రీల కంటే తగ్గితే, పేపరు చదవగలిగినా సరే, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అది వైకల్యం కిందికే వస్తుంది. సదరం క్యాంపులో స్లాట్ బుక్ చేసుకోవాలి. సోమవారం చేసే పక్క చూపు పరీక్ష రిపోర్టు ఒరిజినల్ అడిగి తెచ్చుకోండి, సూటి చూపు ఒక్కటే రాసిన కాగితంతో పోతే మళ్లీ తిరగాల్సి వస్తుంది. చిన్నత్త పేరు మీద వేరే ఓపీ చీటీ రాయించండి.